బోర్డు లేని ద్రాక్ష

ముందుగా ఒక మాట. నేను రాసినదాంట్లో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఇంకా నా మాట వినవు. కింద ఉండాల్సింది పక్కకు పోతుంది, పక్కనుండాల్సింది అసలే రాదు. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పొద్దు పడుతుంది. అక్షరాలు నేర్పిన స్నేహలత చదివి కొన్ని దిద్దింది. అన్నీ దిద్దవద్దు, నావి కొన్ని ఉండనీ అన్నాను. నవ్వి వదిలేసింది.

మాది కల్లు గీసే ఇల్లు. మా ఆయన పోచయ్య తాళ్ళెక్కేవాడు, నేను కింద కూర్చుని కుండలోంచి ముంతల్లోకి వంచి అమ్మేదాన్ని. ఆయన పోయాక తార్నాకలో మా బిడ్డ భాగ్య దగ్గరికి వచ్చాను. భాగ్య యూనివర్సిటీలో మొక్కల చదువు చెప్పే డిపార్ట్‌మెంట్‌లో అటెండరు. మధ్యాహ్నం దానికి అన్నం డబ్బా తీసుకుపోవడం నా పని. డబ్బా ఇచ్చాక ఇంటికి పోయి చేసేదేమీ లేదు కాబట్టి, సాయంత్రం దాకా అక్కడే చెట్ల కింద కూర్చునేదాన్ని.

స్నేహలత ఆ డిపార్ట్‌మెంట్‌లోనే పరిశోధన చేస్తున్న పిల్ల. వాళ్ళది జనగామ వైపు. సాయంత్రాలు హాస్టల్లో వంటచేసే ఆడవాళ్ళకూ, గదులు ఊడ్చేవాళ్ళకూ అక్షరాలు చెప్పేది. ఒకరోజు నన్ను కూడా పిలిచింది.

"అవ్వా, ఊకె కూసుంటవ్ గదా. లోపలికొచ్చి కూసో."

"గీ వయసుల నాకెందుకు బిడ్డా అక్షరాలు? చచ్చి కాట్లెకు పొయ్యేటప్పుడు బోర్డులు చదువుకుంట పోవాల్నా?"

"గా బోర్డు సంగతి తర్వాత. బస్సు బోర్డన్న చదువుతవు. మొన్న అంబర్‌పేట్ పోతనని ఉప్పల్ల దిగినవంట గదా, భాగ్యక్క చెప్పింది."

అలా కూర్చున్నాను. పుస్తకంలో బొమ్మ పక్కన అక్షరం ఉండేది. అది చూస్తే నాకు నిద్ర వచ్చేది. నా అవస్థ చూసి స్నేహలత నన్ను డిపార్ట్‌మెంట్ వెనుక తోటలోకి తీసుకుపోయింది. అక్కడ ప్రతి చెట్టుకూ ఇనుప బోర్డు ఉంది. పైన తెలుగులో పేరు, కింద ఇంకేవో పేర్లు. 'కానుగ' అని కూడబలుక్కుని తలెత్తితే ఎదురుగా కానుగ ఉండేది. 'నెమలినార' అని చదివి తలెత్తితే నెమలినార. నేను తప్పు చదివితే చెట్టే చెప్పేది. అట్లా నాకు చదువు వచ్చింది.

ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు పోతూ పోతూ తోట చివర ప్రహరీ గోడ దగ్గరికి చేరాను. అక్కడ తుప్పు పట్టిన పైపుల పందిరి మీద ఒక ద్రాక్ష తీగ పాకి ఉంది. దానికి బోర్డు లేదు.

తోట మేస్త్రీ నరహరి దగ్గర్లోనే పాదులు తీస్తున్నాడు. అక్కడి మొక్కలన్నింటి మీదా అజమాయిషీ అతనిదే.

"తమ్మీ, గిదేం తీగ?"

"కండ్లు కనవడ్తలేవా లచ్చవ్వా? ద్రాక్ష."

"ద్రాక్షని నాకు తెల్వదా? ఏం ద్రాక్ష అని."

"అనాబ్-ఎ-షాహీ. వెనకట హైదరాబాద్ల ఎటు చూసినా గదే ఉండె. గిది ఖరాబైన అనాబ్-ఎ-షాహీ. నోట్లె పెట్టినవంటె పండ్లు పులుస్తయి."

"మరి బోర్డేది?"

"పుల్ల దానికి బోర్డు గూడనా? ఎండకాలం రానియ్యి. గీ పక్కంత సాఫ్ చేసి షెడ్డేస్తున్నరు. బోర్డున్నయి ఉంటయి, లేనియి పోతయి. పెద్దసారు గట్లనే చెప్పిండు."

ఆ మాట నన్ను వదల్లేదు. తీగ పోతుందని బాధ ఒకటి. దానికన్నా ఎక్కువ, అర్థం కాని సంగతి ఒకటి. పందిరికి వేసినవి వెదురు కర్రలు కావు, ఇనుప పైపులు. కాళ్ళకు సిమెంటు పోశారు. అంత చేశారంటే ఎవరో ఇష్టపడి తెచ్చి ఉండాలి. పండ్లు పులిసేదానికి ఎవరు అంత పందిరి వేస్తారు?

ఆ సాయంత్రం తరగతిలో పలక పక్కన పెట్టి స్నేహలతను అడిగాను. ఆమె చదువు జొన్న మీద, ద్రాక్ష మీద కాదు. అయినా లేచి వచ్చి చూసింది. ఫోన్‌లో అనాబ్-ఎ-షాహీ బొమ్మ తెరిచి పక్కన పెట్టింది. ఆ కాయలు వేలంత పొడుగు. పందిరికి వేలాడుతున్నవి అప్పుడే పిందె గట్టిపడ్డ చిన్న కాయలు, దాదాపు గుండ్రం.

"గిది అది కాదు అవ్వా," అంది.

"అయితే ఇంకేంది?"

"నాకు తెల్వదు."

పీహెచ్‌డీ పిల్ల నోట ఆ మాట వినడం నాకు భలే అనిపించింది. ఇద్దరం కలిసి తీగను కిందినుంచి మీదికి చూశాం. లేత కొమ్మలు ఎర్రగా ఉన్నాయి.

"రోగమొచ్చింది బిడ్డా. గీ ఎరుపు చూడు. కట్టెల బూడిద రుద్దుదామా?"

స్నేహలతకు కూడా అనుమానమే వచ్చింది. గోటితో కొంచెం గీరి చూసింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. రోగం లేదు. మరి ఎరుపెందుకో ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు ఆమె రఘువీర్ సారు దగ్గరికి పోయింది. డిపార్ట్‌మెంట్ పెద్ద ఆయనే. ఆయన మంచిగానే మాట్లాడాడట. "అదేమిటో నాకూ తెలియదమ్మా. పేరు కనుక్కుని వస్తే షెడ్డు అటు జరిపిస్తాను. పేరు లేనిదాని కోసం ఆపమని నేనెవరికి చెప్పను?" అన్నాడట. ద్రాక్షల సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరే ఉన్నారనీ, వైదేహి మేడం ఎప్పుడో రిటైరై తార్నాకలోనే ఉంటున్నారనీ చెప్పాడు.

తీరా చూస్తే ఆమె ఇల్లు మా వీధికి రెండో వీధి. ఆదివారం పొద్దున ఒక రెమ్మ తడిగుడ్డలో చుట్టుకుని ఇద్దరం పోయాం. వైదేహమ్మది గుంటూరు వైపు. సన్నగా, నిటారుగా ఉంది. ఇంట్లో ఎక్కడ చూసినా ప్లాస్టిక్ పూలే. నేను వాటివైపు చూడటం ఆమె చూసింది.

"జీవితమంతా నిజమైనవాటికి నీళ్ళు పోశానమ్మా. ఇక చాలు," అంది.

రెమ్మ చేతికి ఇచ్చేసరికి మాత్రం మారిపోయింది. ఆకు తిప్పి అడుగువైపు బొటనవేలితో నిమిరింది. కళ్ళజోడు తీసి, దగ్గరగా పెట్టుకుని, ఈనెల వెంట చూపు పోనిచ్చింది. కొమ్మను కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు ఉండిపోయింది.

"కాయ ఎలా ఉంటుంది?"

"పుల్లగ ఉంటదమ్మా."

"అది సరే. పండితే?"

నేను స్నేహలతవైపు చూశాను. స్నేహలత నావైపు చూసింది.

"పండగ ఎవ్వలు చూళ్ళేదమ్మా," అన్నాను. "పచ్చిగ ఉన్నప్పుడే అందరు పప్పులకు తెంపుకపోతరు."

వైదేహమ్మ గట్టిగా నవ్వింది. "అంతేలే. మనవాళ్ళకి పుల్లటిది కనిపిస్తే కుక్కరు గుర్తొస్తుంది."

అప్పుడు ఒక సంగతి చెప్పింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో రష్యా వైపు నుంచి కొందరు వచ్చారట. అప్పుడు ఆ దేశాలన్నీ ఒకటే. వాళ్ళలో ఒకాయనది జార్జియా. తడి కాగితంలో చుట్టి నాలుగు ద్రాక్ష పుల్లలు తెచ్చాడు. అవి ఎవరో నాటారు. నాటినాయనకు బదిలీ అయింది, ఈమెను వేరే పనిలో వేశారు. పుల్లలు చచ్చిపోయాయనే ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది.

"అది ఇదే అయితే, దీని పేరు ర్కాత్సితేలి."

ఆ పేరు నా నోట పలకలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాను.

"వాళ్ళ భాషలో ఎర్ర కొమ్మ అని అర్థం."

నేను రోగమనుకున్నది దాని గుర్తట. బూడిద రుద్దకపోవడం మంచిదైంది.

"తినడానికి కాదమ్మా అది. వైన్ చేయడానికి. తెల్ల వైన్."

"తెల్లగ గూడ ఉంటదా?" అని అడిగాను. మా ఊళ్ళో వైన్స్ అంటే బ్రాందీ దుకాణం. అక్కడికి పోయి వైన్ ఇమ్మని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

వైదేహమ్మ ఓపికగా చెప్పింది. అక్కడ నిలువెత్తు మట్టి కాగులు మెడదాకా భూమిలో పాతిపెడతారట. ద్రాక్ష తొక్కి, రసాన్ని తోలుతో, గింజలతో సహా అందులో పోసి మూత పెడతారట. ఈ కాయ తెల్లదైనా, తోలుతో నానిందంటే తేనె రంగు దిగుతుందట.

నాకు కుతూహలం ఆగలేదు. "పొద్దుగాల దించిన కల్లు మాపటికే పులిసిపోతది. వాళ్ళది ఎప్పటిదాంక ఉంచుతరు?"

"నెలల తరబడి."

"నెలలా? మా దగ్గర గట్లుంచితే సిర్క అయితది. ఎవ్వలు ముట్టరు."

"అక్కడే ఉంది దీని గొప్ప. దీనికి పులుపెక్కువ. ఆ పులుపే దాన్ని కాపాడుతుంది." ఆమె కొంచెం ముందుకు వంగింది. "చూడండి, అనాబ్-ఎ-షాహీ పండేకొద్దీ పులుపు వదిలేస్తుంది. ఇది అలా కాదు. తీపి నిండా ఎక్కినా పులుపు వదలదు. రెండూ ఒకేసారి నోట్లో ఉంటాయి. ఎండ తగిలిన వైపు గోధుమరంగు మచ్చలు వస్తాయి. అప్పుడు తెంపి నా దగ్గరికి తీసుకురండి. ఆలస్యంగా పండుతుంది మరి. ఓపిక పట్టాలి."

ఓపికకేం, నా దగ్గర కావలసినంత ఉంది. పాత నూలుచీర చింపి గుత్తి గుత్తికీ సంచి కుట్టాను, పిట్టల నుంచి, పప్పు వండేవాళ్ళ నుంచి కాపాడటానికి. నేను నిచ్చెన మీద సంచులు కడుతుంటే నరహరి కింద నిలబడి చూశాడు.

"లచ్చవ్వా, గుత్తులకు గూడ రైకలు కుట్టినవా?"

"నీకు గూడ ఒకటి కుట్టాల్నా?"

"ఏం జేస్తవ్ గవి పండితే?"

"పేరు తెలుస్తదట. పేరు తెలిస్తే నువ్వు కొట్టకుంట ఉంటవు."

"నేనెందుకు కొడ్త? షెడ్డోళ్ళు కొడ్తరు. వాళ్ళు ఉగాది ఎల్లినంకనే వస్తరు గని, అప్పటిదాంక కాపలా కాసుకో."

రోజూ డబ్బా ఇచ్చి తీగ దగ్గరికి పోయేదాన్ని. సంచి మూతి విప్పి లోపలికి చూసి మళ్ళీ కట్టేదాన్ని. కాయలు మొదట లేత తాటాకు రంగులో ఉన్నాయి. తర్వాత పలచని మజ్జిగలా మారాయి. వారానికొకటి తెంపి నోట్లో వేసుకుంటే అదే పులుపు. అనుమానం వచ్చేది. వైదేహమ్మ పొరపాటు పడిందేమో, నరహరి చెప్పిందే నిజమేమో. తరగతిలో ఆడవాళ్ళు "ఏమన్నడు నీ మొగడు, తియ్యగైండా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఇంకొన్నాళ్ళు అని చెప్పేదాన్ని.

పండుగ ఇంకా రాలేదు, నాకు జ్వరం వచ్చింది. మంచం మీద నుంచి లేవలేకపోయాను. భాగ్యే డబ్బా కట్టుకుపోయేది. సంచులు ఎట్లున్నాయని అడిగితే "మంచిగున్నయ్" అనేది. ఒక సాయంత్రం ఆ మాట కూడా అనకుండా వంటింట్లోకి పోయింది. జ్వరం దిగినట్టుంది, నాకు ఆకలైంది. వేడి అన్నంలో పప్పు వేసి పెట్టింది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది చింతపండు పులుపు కాదు. మామిడికాయ కాదు. చుక్కకూర అంతకన్నా కాదు.

"ఏందే గీ పప్పు?"

"ఏమైంది?"

"ఏమేసినవ్?"

"నచ్చలేదా? నాకు గూడ నచ్చలె," అంది తలెత్తకుండా. "మామిడికాయ పిరమున్నదని పులుపు కోసం ఏసిన. బెల్లమేసినట్టు తియ్యగైంది. గట్లని పులుపు పోయిందా అంటే అదీ పోలె."

"ఏమేసినవని అడిగిన."

"ద్రాక్షలు."

భాగ్య గబగబా చెప్పేసింది. షెడ్డు వేసేవాళ్ళు పండుగ దాకా ఆగరట, ఎల్లుండే వస్తున్నారట. ఎట్లాగూ కొట్టేసేదే కదా, కాయలు మట్టిపాలు ఎందుకని నరహరి సంచులన్నీ విప్పించి డిపార్ట్‌మెంట్‌లో తలా ఒక గుత్తి పంచాడట. "మీ అమ్మ కష్టపడ్డది, నువ్వు రెండు తీస్కో" అన్నాడట.

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే జరంలనే లేచి ఉరుకుతవు. అందుకే చెప్పలె."

కోపం వచ్చింది. ఆ పూట అటెండర్ల ఇళ్ళలో, గుమాస్తాల ఇళ్ళలో, ఇంకెన్ని ఇళ్ళలో ద్రాక్ష పప్పు ఉడుకుతూ ఉండి ఉంటుంది. అన్ని నెలల కాపలా కుక్కర్లలోకి పోయింది. ఆకలి మాత్రం ఆగలేదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

అప్పుడు తెలిసింది. తీపి ఉంది. పులుపు ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి.

"భాగ్యా, తియ్యగైందన్నవ్ గదా."

"అన్న. పారబోయాల్నా?"

"పులుపు గూడ పోలే అన్నవ్ గదా."

"అమ్మా, జరం మళ్ళ పెరిగిందా?"

"రెండో గుత్తి ఏమైంది?"

రెండో గుత్తి చట్నీకని ఫ్రిజ్‌లో పెట్టింది. తీసి దీపం దగ్గర పట్టుకుని చూశాను. కాయలు పాత బంగారం రంగులో ఉన్నాయి. ఒక వైపు గోధుమ పిండి చల్లినట్టు సన్నటి మచ్చలు. నేను మంచం పట్టిన నాలుగు రోజుల్లో అది పండింది. ఎవరూ పండనియ్యని కాయను నరహరి సరిగ్గా పండినప్పుడే తెంపించాడు.

చెప్పులు వేసుకుంటుంటే భాగ్య అడ్డం వచ్చింది. "జరం ఉన్నదే అమ్మా నీకు."

"జరం నాకున్నది, ద్రాక్షకు లేదు. జరుగు. స్నేహలతకు ఫోన్ చెయ్యి, వైదేహమ్మ ఇంటికి రమ్మను."

స్నేహలత హాస్టల్ నుంచి ఒక చిన్న గొట్టం తెచ్చింది. దాని మీద రసం చుక్క వేసి దీపంవైపు చూస్తే ఎంత తీపో గీత చూపిస్తుంది. ఆమె చూసి, తుడిచి, మళ్ళీ వేసి చూసింది. "బజార్ల అమ్మే ద్రాక్షకన్న ఎక్కువున్నది," అంది. తర్వాత రసంలో ఒక కాగితం ముక్క ముంచితే రంగు మారింది. పులుపు కూడా పచ్చికాయకు దగ్గరగానే ఉందట.

వైదేహమ్మ ఒక కాయ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. గింజలు అరచేతిలోకి తీసి వాటినీ చూసింది.

"అదే అనిపిస్తోంది," అంది చివరికి.

"అయితే రఘువీర్ సారుకు చెప్పండి మేడం. ఒక్క ఫోన్ చెయ్యండి చాలు," స్నేహలత బతిమాలింది. "ఎల్లుండి వచ్చేస్తరు వాళ్ళు."

"అనిపించడం వేరు, అవడం వేరు స్నేహా. ఇలాంటి తెల్లకాయలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆకు పంపించి పరీక్ష చేయించాలి. నెలలు పడుతుంది."

"గప్పటిదాంక తీగ ఉండాలె గదా మేడం."

"ఉండాలి. కానీ ఖాయంగా తెలియని పేరు నేను రాయించను. ఒకసారి తప్పు బోర్డు పడితే అది తరాలపాటు అలాగే ఉంటుంది. ఇన్నాళ్ళూ అందరూ అనాబ్-ఎ-షాహీ అనలేదూ?"

స్నేహలత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వైదేహమ్మకు కూడా బాధగానే ఉంది, గింజలు పారేయకుండా పిడికిట్లో పట్టుకునే ఉంది. ఇద్దరిలో ఎవరి మాటా తప్పు కాదు. నేను మధ్యలో కూర్చుని నాకు తెలిసిన బోర్డులన్నీ మనసులో చదువుకున్నాను. కానుగ. నెమలినార. పొగడ. అన్నీ పేర్లే. పేరే రాయాలని ఎవరు చెప్పారు?

"పేరు కావాలన్నది సారు," అన్నాను. "మేస్త్రీ అడిగింది ఒట్టి బోర్డు. బోర్డున్నయి ఉంటయని వాడే అన్నడు. మనకు తెలిసింది రాసి పెడ్దాం. తెల్వంది తెల్వదనే రాద్దాం."

వైదేహమ్మ నావైపు తిరిగింది. "ఏమని రాస్తావు?"

నేను చెప్పాను. ఆమె రెండు మాటలు కలిపింది. "దీనికింద నా పేరు కూడా వేయండి. ఇందులో అబద్ధం లేదు," అంది.

మర్నాడు తరగతిలో నూనె డబ్బా కోసి రేకు చదును చేశాం. హాస్టల్ వంటామె పద్మశ్రీ తలుపులకు వేయగా మిగిలిన తెల్ల పెయింటు తెచ్చింది. స్నేహలత రాస్తానంటే ఇవ్వలేదు. అందరూ చుట్టూ కూర్చుని నా చేయివైపే చూశారు. రేకు మీద అక్షరాలు వంకర పోయాయి, చివరి వరుస ఇరుకైపోయింది. ఇలా ఉంది:

తెల్ల ద్రాక్ష. వైన్ జాతి. పండితే తీపి, పులుపు రెండూ ఉంటాయి. దూరదేశం నుంచి వచ్చింది. పేరు కనుక్కుంటున్నాం. పచ్చికాయలు తెంపవద్దు. - వైదేహి, స్నేహలత, లచ్చవ్వ.

ఆ తర్వాతి పొద్దున షెడ్డు మనుషులు వచ్చేసరికి బోర్డు తీగ మొదట్లో పాతి ఉంది. నరహరి వచ్చి చదివాడు. వేలు పెట్టి ఇంకోసారి చదివాడు.

"గిదేం బోర్డు లచ్చవ్వా? పేరే లేదు గదా."

"బోర్డు ఉన్నదా, లేదా?"

"ఉన్నది గని..."

"బోర్డున్నయి ఉంటయన్నదెవరు?"

నరహరి తల గోక్కున్నాడు. గడ్డపారలు పట్టుకున్నవాళ్ళు అతని మొహం చూశారు. అతను ఫోన్ తీసి రఘువీర్ సారును పిలిచాడు. సారు వచ్చి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. 'కనుక్కుంటున్నాం' దగ్గర కొంచెం ఆగాడు. స్నేహలత గొట్టంలో చూసిన లెక్కలు చెప్పబోయింది. నేను కొంగు ముడి విప్పి మిగిలిన మూడు కాయల్లో ఒకటి ఆయన చేతిలో పెట్టాను.

తిన్నాడు. ఇంకొకటి ఇమ్మని చేయి చాపాడు.

"మా ఇంట్లో మొన్న ఇవే పప్పులో వేశారు," అన్నాడు నములుతూ. "పప్పు పాడైందని మా ఆవిడతో గొడవ కూడా పెట్టుకున్నాను." తర్వాత షెడ్డు మేస్త్రీవైపు తిరిగి, "గోడవైపు కాదు, గేటువైపు వేయండి," అని పోయాడు.

వాళ్ళు గడ్డపారలు భుజాన వేసుకుని అటు పోతుంటే నరహరి నా దగ్గరికి వచ్చాడు. మూడో కాయ ఉందా అని అడిగాడు. ఇచ్చాను. "నేను తెంపిచ్చినా గూడ ఒక్కటి తినలె లచ్చవ్వా. పుల్లగుంటదని," అన్నాడు. నమిలి, మొహం ఒకసారి ముడిచి, మళ్ళీ విప్పి, "గిదేం రుచే," అన్నాడు. అది మెచ్చుకోలో కాదో అతనికే తెలియలేదు.

వానాకాలంలో పరీక్ష కాగితం వచ్చింది. వైదేహమ్మకు అనిపించిందే నిజమైంది. ఇప్పుడు తోటలో ఇనుప బోర్డు ఉంది, దాని మీద ర్కాత్సితేలి అని ఉంది. ర కింద క ఒత్తు పెట్టడానికి నాకు రెండు పలకలు అరిగాయి. పాత రేకు బోర్డు తీసెయ్యబోతే నరహరి ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఈ ఏడు కాయలు ఎవరూ పచ్చిగా ముట్టలేదు. గుత్తులకు రైకలు నరహరి భార్య కుట్టింది. పండినవి వైదేహమ్మ వంటింట్లో చేతులతో పిసికి, తోలూ గింజలతో సహా కొత్త మట్టికుండలో పోశాం. గుడ్డ కట్టి ఒక మూల ఇసుకలో సగం దాకా పాతాం. ఆమె రోజూ కర్రతో కలిపేది. నేను రోజూ పోయి చెవి పెట్టి వినేదాన్ని. కుండలో గుసగుస వినిపించేది. అది నాకు తెలిసిన చప్పుడే, కల్లుకుండ చప్పుడు. వాసన మాత్రం కొత్తది. ఎండిన నారింజ తొక్క, కాచిన తేనె, చివర్న కొంచెం చాయ్‌పత్తి. పీలిస్తేనే చిక్కటి డికాక్షన్‌లా ముక్కుకు పట్టుకునేది.

వడకడితే ఒక చెంబెడు వచ్చింది. ఎవరూ తాగకముందే నేను గిన్నెలో కొంచెం తీసుకుని తోటకు పోయాను. కొత్త కల్లు దించితే ముందు ఊరి దేవతకు సాక అని నేల మీద కొంచెం పోయడం మా ఇంటి ఆనవాయితీ. తీగ మొదట్లో పోస్తుంటే నరహరి చూశాడు.

"ఏం పోస్తున్నవ్?"

"సాక."

"అంత దానికేనా?" అని దోసిలి పట్టాడు. నాలుగు చుక్కలు పోశాను. చప్పరించి, "కల్లే నయం," అన్నాడు. ఆ తర్వాత ఇంకో నాలుగు చుక్కలు అడిగాడు.

సాయంత్రం వైదేహమ్మను ఒక మాట అడిగాను. వాళ్ళ దేశంలో వేల ఏళ్ళుగా దీన్ని పండిస్తున్నారు కదా, ఎప్పుడైనా ఎవరైనా పప్పులో వేశారా అని. ఆమె ఆలోచించి, వేసి ఉండరు అంది. అయితే ఆ ఒక్క సంగతి వాళ్ళకన్నా మనకే ముందు తెలిసింది అన్నాను.

ఇట్లు,
బండి లచ్చవ్వ
వయసు అరవై ఏడు
మొన్న ఇల్లు మారాం. ఇప్పుడు ఉంటున్నది సీతాఫల్‌మండి, స్టేషన్ వెనుక వీధి. తోటకు ఇక్కడి నుంచి కూడా నడిచే పోతాను.